చామంతి కుండీల్లో మహదేవపూర్ మట్టి

మా గైడు గదిలో బల్లకు ఇవతల రెండు కుర్చీలుండేవి. పరిశోధన చేసినన్నాళ్లు నేను ఆ కుర్చీల వెనక నిలబడ్డాను. కూర్చోవద్దని ఆయన ఎప్పుడూ అనలేదు. కూర్చోమనీ అనలేదు. పుస్తకాలమ్మే వాళ్లు వస్తే కూర్చునేవారు. పరికరాల కంపెనీ ఏజెంటు వస్తే కూర్చోవడంతో పాటు టీ కూడా తాగేవాడు. పరిశోధక విద్యార్థి మాత్రం నిలబడే మాట్లాడాలి. ఇది ఎక్కడా రాసిపెట్టిన నియమం కాదు. అందువల్ల దాని మీద ఫిర్యాదు చేయడానికి కూడా వీల్లేకపోయింది.

ఫిర్యాదు చేయడానికి వీలున్న వాటన్నింటి మీదా చేశాను. హాస్టల్లో నీళ్లు రాకపోవడం మీద, లైబ్రరీని ఆదివారం మూసేయడం మీద, సాయంత్రం ఐదు కాగానే ల్యాబుకు తాళం వేసి చెవి మాకివ్వకపోవడం మీద. ఏ యూనివర్సిటీ అని మాత్రం ఇక్కడ చెప్పను. చెప్పకపోవడం నా మర్యాద. ఇప్పుడు జనగామలో డిగ్రీ పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. మేడంకు కోపం వస్తే పోదని నా వెనక వాళ్లు అనుకుంటారు. నిజమే, పోదు. కానీ ఎప్పుడు ఎవరు నా పక్షాన నిలబడ్డారో అది కూడా పోదు. అందుకే ఇది రాస్తున్నాను.

నాది నర్మెట్ట దగ్గర పల్లె. మాది చెల్క భూమి. పత్తి, కంది, బోరు పోస్తే వరి. గోదావరిని పీజీలో చేరాకే చూశాను. మహదేవపూర్ వైపు ఒక ఫీల్డ్ ట్రిప్పుకు తీసుకెళ్లారు. వరద వచ్చి పోయిన పొలాల మీద మోకాలి లోతు ఇసుక మేట వేసి ఉంది. దాని కింద ఒండ్రు, దాని కింద అసలు నల్లమట్టి. ఒక గట్టు మీద రైతు ఊరికే కూర్చుని ఆ ఇసుకను చూస్తున్నాడు. వాన రాలేదని అలా కూర్చున్న వాళ్లను మా ఊళ్లో చూశాను గానీ, నీళ్లు వచ్చాయని కూర్చున్న మనిషిని చూడటం అదే మొదలు. ఆ పొలాలు మళ్లీ పంటకు ఎట్లా వస్తాయి, ఎన్ని పంటల కాలం పడుతుంది అన్నదాని మీదే పీహెచ్‌డీ చేస్తానన్నాను.

మొదటి సెమినార్లో ఒక సారు, "నర్మెట్ట అమ్మాయికి వరద సంగతి ఏం తెలుస్తుందమ్మా?" అన్నారు. అందరూ నవ్వారు. ఎవరు ఏ వరుసలో కూర్చుని నవ్వారో ఇప్పటికీ చెప్పగలను. మా గైడు నవ్వలేదు. తల వంచుకుని ఏదో రాసుకుంటున్నట్టు ఉండిపోయాడు. అది కూడా గుర్తుపెట్టుకున్నాను.

ఈ పనిలో ముఖ్యమైన సంగతి ఒకటుంది. వరద తగ్గాక, యాసంగికి దున్నక ముందే మట్టి తీసుకోవాలి. గుంత తవ్వి, గోడను నున్నగా చెక్కి, ఇసుక పొరను వేరుగా, ఒండ్రు పొరను వేరుగా, నల్లమట్టిని వేరుగా తీయాలి. ఒకసారి నాగలి పడిందంటే పొరలన్నీ కలిసిపోతాయి. ఇక అంతే. నాకు గడువు అప్పటికే ఒకసారి పొడిగించారు. ఆ యాసంగిలోపు మట్టి చేతికి రాకపోతే రిజిస్ట్రేషన్ రద్దయి, చేసిన పనంతా వృథా అయ్యేది.

ఆ సంవత్సరం వరద తీశాక మహదేవపూర్ మండలంలో కొన్ని పొలాల్లో తవ్వాను. చివరి రోజు మా గైడు కూడా వచ్చాడు. ఆఖరి పొలం ఒక ముసలావిడది. ఆవిడ అప్పటికే ఇంటికి వెళ్లిపోయింది. మట్టి తీసేసరికి పొద్దు వాలింది.

"గుంతలు పూడ్చి వెళదాం సార్" అన్నాను.

"బస్సు పోతుందమ్మా. వాళ్లు దున్నుకుంటే అవే పూడతాయి, పద" అన్నాడు.

వ్యవసాయం చేసుకునే ఇంట్లో పుట్టినదాన్ని. ఒకరి పొలంలో తవ్విన గుంతను తెరిచి వదిలేసి వెళ్లకూడదని నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. కానీ ఆయన సంచి భుజాన వేసుకుని గట్టు మీద అప్పటికే దూరం పోయాడు. బస్సులో కూర్చుని ఆ మాటను కూడా నా జాబితాలో చేర్చుకున్నాను.

తెచ్చిన మట్టిని ఎండలో పెట్టకూడదు. నీడనే ఆరాలి. ల్యాబుకు తాళం, పక్క గది పైకప్పు కురుస్తుంది. ఇక మిగిలింది డిపార్ట్‌మెంట్ వరండా. పాత పేపర్లు పరిచి, ఒక్కో పొర మట్టిని ఒక్కో పేపరు మీద పోసి, దేనికి దాని చీటీ పెట్టాను. ఆరిన కొద్దీ గడ్డలను చెక్క సుత్తితో మెత్తగా కొట్టి జల్లెడ పట్టాను. అటు పోయే వాళ్లు ఇటు వచ్చే వాళ్లు, "ఏంటమ్మా, వడియాలా?" అని అడిగేవారు. అడిగిన వాళ్లెవరో కూడా తెలుసు.

అప్పుడే తనిఖీ కమిటీ వస్తోందన్నారు. కమిటీ వస్తోందంటే క్యాంపస్ పెళ్లివారి ఇల్లయిపోతుంది. గోడలకు సున్నం, గేటుకు రంగు, పనిచేయని పరికరాల మీద ఉతికిన గుడ్డ. కమిటీ ముందు ఏం చెప్పాలో విద్యార్థులకు ముందే రిహార్సల్ చేయిస్తారు. "ఇబ్బందులేమైనా ఉన్నాయా అని అడిగితే లేవని అందరూ ఒక్కసారే అనకండి. ఒకరి తరవాత ఒకరు అనండి" అని మాకు చెప్పారు. నన్ను పాత ఫైళ్లకు కొత్త అట్టలు అంటించే పనికి లైబ్రరీ భవనానికి పంపారు. పొద్దంతా అక్కడే ఉన్నాను.

సాయంత్రం తిరిగొచ్చేసరికి వరండా అద్దంలా ఉంది. ఫినాయిలు వాసన. మెట్ల దగ్గర ముగ్గు. గోడ పొడవునా కొత్త కుండీలు, వాటిలో పసుపు చామంతులు. నా పేపర్లు లేవు.

అటెండరు మెట్ల మీద కూర్చుని బీడీ వెలిగించుకుంటున్నాడు.

"అన్నా, నా మట్టి ఏది?"

"ఏ మట్టి బిడ్డా?"

"ఈడ పేపర్ల మీద ఆరబెట్టిన మట్టి."

"గదా! కుండీలల్ల పోసినం. మస్తు మంచి మట్టి బిడ్డా. రాయి లేదు, రప్ప లేదు, జల్లెడ పట్టినట్టే ఉండె."

"జల్లెడ నేనే పట్టిన అన్నా."

బీడీ నోటి దాకా పోయి ఆగింది. నా మొహం చూసి లేచి నిలబడ్డాడు. "వరండాల ఒక్క కాయితం ముక్క కనవడొద్దని మీ సారే అన్నడు బిడ్డా. పారబోద్దామంటే మట్టి గదా, పాణం ఒప్పలే. గందుకే కుండీలల్ల పోసిన. నీ పరీక్షదని నాకేం ఎర్క?"

అతని మీద నాకు కోపం రాలేదు. అందరూ చెత్త అనుకునే చోట మట్టిని మట్టిగా చూసిన మనిషి ఆయనొక్కడే. కానీ ఒక చామంతిని కుదురుతో సహా లాగి చూస్తే ఇసుక, ఒండ్రు, నల్లమట్టి, పెంటఎరువు అన్నీ ఒక్కటై ఉన్నాయి. చీటీలు చెత్తబండిలో వెళ్లిపోయాయి.

గైడు గదిలోకి వెళ్లాను. కుర్చీల వెనకే నిలబడ్డాను. ఆయన ఫైళ్ల మధ్య కనపడటం లేదు.

"సార్, నా మట్టి కుండీల్లో పోశారు."

"ఏ మట్టి?"

"మహదేవపూర్ మట్టి."

రాస్తున్న పెన్ను ఆగింది. "అంతానా?"

"అంతా సార్."

తరవాత కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "రేపు కమిటీ వెళ్లనీ అమ్మా, మాట్లాడదాం" అన్నాడు. మనిషి చాలా అలసిపోయి ఉన్నాడని ఇప్పుడు గుర్తు చేసుకుంటే తెలుస్తోంది. అప్పుడు మాత్రం నాకు 'రేపు' అన్న మాట ఒక్కటే వినపడింది.

మర్నాడు కమిటీ మమ్మల్నందరినీ సెమినార్ హాల్లో కూర్చోబెట్టింది. అధ్యక్షుడు తెలుగువాడే, మెత్తని మనిషి. ఇబ్బందులేమైనా ఉన్నాయా అని అడిగాడు. ఒకరి తరవాత ఒకరు లేవన్నారు. నా వంతు వచ్చింది. గోడకు ఆనుకుని నిలబడ్డ మా గైడు నా వైపు చూశాడు.

"ఉన్నాయి సార్" అన్నాను. "నేను పరిశోధనకు తెచ్చిన మట్టిని బయట ఆ చామంతి కుండీల్లో పోశారు."

అధ్యక్షుడి మొహం విప్పారింది. "ఓహో, వరద మట్టిలో పూల మొక్కలు పెంచి చూస్తున్నారన్నమాట! క్యాంపస్‌కు అందం, పరిశోధనకు పరిశోధన. చాలా బాగుందమ్మా" అని పక్కనున్న ఆయన చేత రాయించాడు. కాదని చెప్పబోయేలోగా ప్రశ్న నా పక్క అమ్మాయి మీదికి వెళ్లింది. వెళ్లేటప్పుడు కమిటీ వాళ్లు ఆ కుండీల ముందు నిలబడి ఫొటో కూడా దిగారు. ఆ ఫొటో మా డిపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు.

హాస్టల్లో నా రూమ్మేటు మహబూబాబాద్ నుంచి వచ్చిన ముస్లిం అమ్మాయి. మిర్చి తోటల తెగుళ్ల మీద పనిచేసేది. ఫొటో చూసి మంచం మీద పడి నవ్వింది.

"అక్కా, ఫికర్ జెయ్యకు. ఇగ చామంతుల మీదనే థీసిస్ రాయి. కమిటీ ఎట్లాగూ పాస్ చేసింది."

"నవ్వకు."

"నవ్వక ఏం జేయాలె? ఏడిస్తే నీ మట్టి నానుతది గని వేరు గాదు." మళ్లీ తనే లేచి కూర్చుంది. "నిజం చెప్పు, ఇప్పుడేం జేస్తవ్?"

"ఫిర్యాదు చేస్త."

"అది నాకెర్కే. దాని తర్వాత?"

దాని తరవాత ఏమిటో నాకు తెలియదు. ఫిర్యాదు మాత్రం ఇచ్చాను. పరిశీలిస్తున్నామన్నారు. ఇంకా పరిశీలిస్తూనే ఉన్నారని నా నమ్మకం. మా గైడుతో మాట్లాడటం మానేశాను. ఎదురుపడితే నమస్కారం పెట్టి పక్కకు జరిగేదాన్ని. ఆయనా ఏమీ అడగలేదు. నారుమళ్లు పోసే రోజులు వచ్చాయి. మహదేవపూర్‌లో ఈపాటికి ట్రాక్టర్లు దిగి ఉంటాయని తలుచుకుంటే అన్నం సయించేది కాదు. ఇంటికి ఫోన్ చేస్తే మా అవ్వ, "మట్టే గద బిడ్డా, మన చెల్కల కావల్సినంత ఉన్నది, తీస్కపో" అంది.

ఒక శనివారం అటెండరు హాస్టల్ గేటు దగ్గరికి వచ్చాడు. "రేపు పొద్దుగాల్ల బస్టాండుకు రమ్మన్నడు సారు. పార, గడ్డపార నేను కట్టి పెట్టిన" అన్నాడు.

వెళ్లకూడదనుకున్నాను. వెళ్లాను. భూపాలపల్లి బస్సు జనంతో కిక్కిరిసి ఉంది. మా గైడు కిటికీలోంచి తువ్వాల విసిరి సీటు ఆపి, లోపలికి ఎక్కి దాని మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి, "కూర్చో అమ్మా" అన్నాడు. ఆయన నాతో ఆ మాట అనడం అదే మొదటిసారి. బస్సులో అన్నది లెక్కలోకి రాదని అక్కడికక్కడే నిర్ణయించుకున్నాను.

కొంత దూరం పోయాక పక్క సీటు ఖాళీ అయి ఆయనా కూర్చున్నాడు. నేను కిటికీ వైపే చూస్తున్నాను. ఆయన తనంతట తానే మాట్లాడాడు.

"నేను ఉద్యోగంలో చేరినప్పుడు మన డిపార్ట్‌మెంట్లో గదికొక మనిషి ఉండేవాళ్లమమ్మా. రిటైరైన వాళ్ల చోట ఒక్కరినీ వేయలేదు. ఇప్పుడు గదులన్నిటి పనీ నా గదిలోకి వచ్చింది. పాఠం చెప్పి బయటికొస్తే ఫైలు, ఫైలు ముగిస్తే మీటింగు. మట్టి ముట్టుకుని ఎన్నాళ్లయిందో. ఆ రోజు వరండాలో నీ పేపర్లను దాటుకుంటూనే నేను గదిలోకి వెళ్లాను. చూశాను. చూసి కూడా ఒక్క కాగితం కనపడొద్దని చెప్పాను. మట్టి అని తోచనే లేదు."

ఇప్పుడు మా కాలేజీలో నలుగురి పని నా ఒక్కదాని మీద పడ్డప్పుడు, పిల్లలు ఏదో చెబుతుంటే వినపడనట్టు ఫైలులో తలదూర్చినప్పుడు, ఆ బస్సు గుర్తొస్తుంది. అప్పుడు మాత్రం ఇంత మాట్లాడిన మనిషి ఆ ఒక్క మాట అనకూడదా అనుకున్నాను.

భూపాలపల్లిలో బస్సు మారి, మహదేవపూర్‌లో దిగి ఆటోలో వెళ్లాం. అనుకున్నట్టే అయింది. మొదటి పొలం దున్ని నీళ్లు పెట్టారు. రెండోది దమ్ము చేస్తున్నారు. ఒక్కో గట్టు దాటుతూ పోయాం. ఆయన ముందు నడుస్తున్నాడు. ముసలావిడ పొలం దగ్గరికొచ్చేసరికి అది కూడా దున్నేసి ఉంది. ఒక్క మూల తప్ప. అక్కడ ఇసుక మేట అలాగే ఉంది. దాని మధ్య మేం తవ్విన గుంతలు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి.

గట్టు అవతల నుంచి కేక వినిపించింది.

"ఎవలది? ఓ పిల్లా, నువ్వేగదా! ఆగు, ఆడనే ఆగు!"

ఆవిడ కొంగు నడుముకు చుట్టుకుని వచ్చింది. "నా మడిల బొందలు తవ్విపోయింది మీరేనా? ట్రాక్టరాయన ముందుగాల్ల సూసిండు గాబట్టి బతికిండు. లేకుంటే చక్రం దిగవడి ఆడనే ఉండు. ఆ మూల దున్ననంటే దున్ననన్నడు. గంత జాగ బీడు వడ్డది. ఎవలొస్తరా, ఎన్నడొస్తరా, నాలుగు దులుపుదామని రోజూ తొవ్వ సూస్తున్న!"

"తప్పయింది అవ్వా" అన్నాడు మా గైడు.

తప్పయింది అన్న మాట ఆయనకు వచ్చునని ఆ రోజే తెలిసింది. ఎంత తేలిగ్గా అన్నాడు! రోజుల తరబడి నేను కాచుకుని కూర్చున్న మాట, గట్టు మీద మొదటి కేకకే ఆవిడకు దొరికింది.

"నువ్వెవలు?"

"ఈ పిల్లకు సదువు చెప్పే సారును. మాది తొర్రూరు దిక్కు." క్యాంపస్‌లో ఆయన నోట ఆ యాస నేను ఒక్కసారీ వినలేదు.

"సదువు చెప్పెటోనివి, బొంద తవ్వితె పూడ్చాల్నని చెప్పరాదా?"

"పూడ్సి పోదామని ఈ పిల్ల అన్నది అవ్వా. నేనే ఇనలే. బస్సు పోతదని తోల్కపోయిన."

నేను ఆయన వైపు చూశాను. ఆ మాట నాకొక్కదానికే గుర్తుందనుకున్నాను.

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. "అట్లనా! అయితె నిన్ను తిట్టెడిది లేదు బిడ్డా, నువ్వు ఇటురా. సారూ, నువ్వు ఆడనే ఉండు."

ఆయన ఉండలేదు. అప్పటికే గుంతలోకి దిగి గోడను చేత్తో తడుముతున్నాడు. "అమ్మా, ఇటు చూడు" అని కేక వేశాడు. గొంతు మారిపోయింది. "పొరలన్నీ అలాగే ఉన్నాయి. ఎండిన పైపొర చెక్కేస్తే చాలు. పక్కనే దున్నిన భూమి. ఒకటే మడి, ఒకటే వరద, ఒక మూల నాగలి పడనిది, మిగతాది పడినది. రెంటినీ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. పది పొలాలు ఎందుకు? ఈ ఒక్క మడిని పట్టుకుని రెండు పంటలు చూద్దాం. నీ థీసిస్ ఇక్కడుందమ్మా!"

నేను కూడా దిగాను. ఏడుపు వచ్చింది గానీ, మట్టి మీద కన్నీళ్లు పడకూడదని చేతి సంచిలోంచి చీటీలు వెతుక్కుంటూ తల తిప్పుకున్నాను. ఇసుకను ఆయన చెక్కాడు, ఒండ్రును నేను చెక్కాను. సంచి పట్టుకున్నది ఆయనే. ముసలావిడ గట్టు మీద కూర్చుని, "గీ మట్టి తీస్కపోయి ఏం జేస్తరు? కూర వండుతరా?" అంటూనే ఉంది. మధ్యలో వెళ్లి చెంబుతో మజ్జిగ తెచ్చింది. "తాగున్రి. తాగి బొందలు పూడ్చున్రి. పూడ్చకుంట కదిలిన్రో, సారువైతేంది, ఎవలవైతేంది, సంచులు గుంజుకుంట."

పూడ్చాం. ఆయన పార పట్టాడు. ఒక్క గుంతనూ వదల్లేదు. ఆవిడ వచ్చి కాలితో తొక్కి చూసి, మెత్తగా ఉందని ఒకదాన్ని మళ్లీ పూడ్పించింది. బస్సు వెళ్లిపోయిన చప్పుడు మా ఇద్దరికీ వినపడింది. ఎవరమూ ఆ సంగతి ఎత్తలేదు. నన్ను మించి పట్టుబట్టే మనిషిని నేను చూసింది ఆ గట్టు మీదే. ఆ మూలను రెండు పంటల దాకా దున్నకుండా, నీళ్లు పెట్టకుండా వదిలేయమని మేం అడిగితే, మొదట కాదంది, తరవాత ప్రతిసారీ నేనే రావాలని, సారు ఒక్కడే వస్తే అడుగు పెట్టనివ్వనని షరతు పెట్టింది.

తరవాతి బస్సు కోసం కూర్చున్నప్పుడు మట్టి సంచులు మా మధ్య ఉన్నాయి. ఆయన జేబులోంచి తాళం చెవి తీసి ఒక సంచి మీద పెట్టాడు.

"నా గదిది. అందులో ఆరబెట్టు. ఫ్యాన్ ఉంది, ఎండ రాదు. ఆరేదాకా చెవి నీ దగ్గరే ఉండనీ."

తీసుకున్నాను. థాంక్స్ చెప్పలేదు. ఆయనా ఎదురుచూసినట్టు లేదు.

మర్నాడు ఆ గది తలుపు నేనే తెరిచాను. నేల మీద పేపర్లు పరిచాను. నేల చాల్లేదు. బల్ల మీది ఫైళ్లను బీరువా మీదికి ఎక్కించి బల్ల మీద కూడా పరిచాను. నల్లమట్టి మిగిలింది. రెండు కుర్చీల మీదా పేపర్లు వేసి అది పోశాను. ఆయన కుర్చీ ఒక్కటే ఖాళీగా ఉంది. దాంట్లో కూర్చుని చీటీలు రాయడం మొదలుపెట్టాను.

క్లాసు ముగించుకుని ఆయన వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు. లోపల అడుగు పెట్టడానికి సందు లేదు.

"ఆ నీలం ఫైలు కావాలమ్మా" అన్నాడు.

లేచి, పేపర్ల మధ్య చూసుకుంటూ నడిచి, ఫైలు అందించాను. ఆయన దాన్ని తలుపుకు ఆనించి, నిలబడే సంతకాలు పెట్టడం మొదలుపెట్టాడు. వరండాలోంచి వెళ్తున్న అటెండరు ఆగి, లోపలికి తొంగి చూసి, నన్ను చూసి, సారును చూసి, వెళ్లిపోయాడు.

"కుర్చీ ఒకటి ఖాళీ చేయనా సార్?" అన్నాను.

ఆయన కుర్చీ మీది నల్లమట్టిని చూశాడు.

"వద్దమ్మా" అన్నాడు. "ఆరనీ."